సంచికి వాసెన: షిటాకే పుట్టగొడుగుల సాగులో మూతి మూసే పని



ఆవకాయ జాడీకి వాసెన కట్టడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన పనే. శుభ్రమైన పొడిగుడ్డ మూతిమీద పరిచి, తాడుతో బిగించి కడతాం. దుమ్మూ, పురుగూ లోపలికి పోవు. గాలి మాత్రం ఆడుతూనే ఉంటుంది. ఈనాటి ప్రసంగం కూడా ఒక రకం వాసెన గురించే. షిటాకే అనే పుట్టగొడుగును సంచుల్లో పెంచి అమ్మదలచినవారు ఆ సంచి మూతిని ఎలా మూయాలి, ఎందుకంత జాగ్రత్తగా మూయాలి అన్నది చెప్పుకుందాం.

మనం పుట్టగొడుగు అనేదాన్నే కన్నడంలో అణబె అంటారు, తమిళంలో కాళాన్ అంటారు, ఒరియాలో ఛతు అంటారు. పేర్లు ఎన్ని ఉన్నా గుణం ఒక్కటే. పచ్చని మొక్కలాగా ఎండలో తన తిండి తాను వండుకోలేదు. కలప, గడ్డి, ఆకులు వంటివాటిని కుళ్లబెట్టి బతుకుతుంది. షిటాకే అనేది జపాను మాట. షీ అన్నది అక్కడి ఒక చెట్టు పేరు, టాకే అంటే పుట్టగొడుగు. చైనాలోనూ జపానులోనూ దీన్ని వందల ఏళ్లుగా ఓక్ వంటి గట్టి చెట్ల దుంగల మీద పెంచారు. 20వ శతాబ్దం చివరి భాగంలో దుంగకు బదులు రంపపు పొట్టు నింపిన సంచి వాడుకలోకి వచ్చింది. దుంగకు బెరడు కాపలా ఉండేది. సంచిలో ఆ కాపలా ప్లాస్టిక్కుది. ఆ కాపలాలో తలుపు ఎక్కడుందంటే, సంచి మూతి దగ్గర ఉంది.

సంచిలో పోసే మిశ్రమం సుమారుగా ఇలా ఉంటుంది. ఎండు లెక్కన 80 పాళ్లు గట్టి కలప రంపపు పొట్టు, 20 పాళ్లు గోధుమ తవుడు లేదా వరి తవుడు, నూటికి ఒక పాలు జిప్సం. తడి 60 నుంచి 65 శాతం. పిడికిట పట్టి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో చెమ్మ కనిపించాలి, నీరు కారకూడదు. మామిడి పొట్టు పనికొస్తుంది. జిగురు కారే దేవదారు జాతి కలపా, చెదల మందు పూసిన కలపా పనికిరావు.

ఈ తవుడు షిటాకేకే కాదు, గాలిలో తేలే ప్రతి బూజుకూ విందే. అందులో ట్రైకోడెర్మా అనే పచ్చబూజు మహా వేగం గలది. షిటాకే నిదానస్తురాలు. వరిగడ్డి మీద చిప్పపుట్టగొడుగు 15, 20 రోజుల్లో సంచినంతా ఆక్రమిస్తుంది. షిటాకేకు రకాన్ని బట్టి రెండు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లూ మూతి కాపలా కాయాలి. మొదటివారంలో ఎలా ఉందో, డెబ్బయ్యో రోజునా అలాగే ఉండాలి.

అలాగని గాలి చొరకుండా పూర్తిగా బిగించేస్తే మరో చిక్కు. పుట్టగొడుగు తెల్లని దారాలు కూడా మనలాగే ప్రాణవాయువు పీల్చి బొగ్గుపులుసు వాయువు విడుస్తాయి. ఊపిరాడకపోతే పెరుగుదల ఆగిపోతుంది. కాబట్టి గాలి పోవాలి, బూజుగింజ పోకూడదు. దూది ఈ పని చేస్తుందని 1854లోనే జర్మనీలో ష్రోడర్, ఫాన్ డుష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చూపారు. మరిగించి చల్లార్చిన మాంసరసం మీదికి దూదిలోంచి వడగట్టిన గాలిని పంపితే అది చెడకుండా నిలిచింది. దూది పోగుల మెలికల దారిలో సూక్ష్మజీవులు చిక్కుకుపోతాయి.

ఇక పని వరస. దగ్గర కాగితం ఉంటే రాసుకోండి.

మొదటిది, సంచి. పాలీప్రొపిలీన్ సంచి కొనాలి. మామూలు పాలిథిన్ సంచి 121 డిగ్రీల ఆవిరికి తట్టుకోలేక మెత్తబడి అతుక్కుపోతుంది. పాలీప్రొపిలీన్ తట్టుకుంటుంది. కిలోన్నర, రెండు కిలోల మిశ్రమాన్ని పొరలు పొరలుగా వేసి నొక్కాలి. పొట్టులో పుల్లలు, పేళ్లు ఉంటే జల్లెడ పట్టి తీసేయాలి. సూదిమొన అంత చిల్లు కూడా దొంగదారే.

రెండవది, మెడ. అంగుళంన్నర వెడల్పు గల ప్లాస్టిక్ గొట్టం ముక్కను ఉంగరంలా కోసి, సంచి మూతిని అందులోంచి పైకి లాగి, అంచును బయటికి మడిచి, రబ్బరు బ్యాండు వేయాలి. అప్పుడు సంచికి సీసామెడ వచ్చినట్టవుతుంది. ఆ మెడలో దూది బిరడా పెట్టాలి. మందుల షాపులో అమ్మే తెల్లదూది వద్దు. దాని మైనం తీసేసి ఉంటారు గనుక నీళ్లు పీల్చుకుంటుంది. పరుపుల్లో వాడే మామూలు దూదికి పుట్టుకతో వచ్చిన మైనపు పూత ఉంటుంది, చెమ్మ అంత త్వరగా పట్టదు. బిరడా మరీ వదులుగా ఉండకూడదు. బిరడా పట్టుకుని ఎత్తితే సంచి లేచి రావాలి.

మూడవది, ఆవిరి పట్టడం. దూది తడవకుండా బిరడాపై కాగితం కట్టి, ఆటోక్లేవులో 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర ఒకటిన్నర నుంచి రెండు గంటలు ఉంచాలి. డ్రమ్ములో మామూలు ఆవిరితో చేసేవారికి 10, 12 గంటలు పైనే కావాలి. డ్రమ్ము మూతను ఎన్నడూ గాలి పోకుండా బిగించకండి. ఆవిరి పోయే దారి లేకపోతే అది పేలుతుంది. ఆటోక్లేవు ఒత్తిడిని కూడా ఒక్కసారిగా వదలకూడదు. సంచులు బుడగల్లా ఉబ్బి బిరడాలు ఎగిరిపోతాయి.

నాలుగవది, చల్లార్చడం. చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే. వేడికి సంచిలోని గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. చల్లారేటప్పుడు సంచి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ ఘడియలో బిరడా తడిసి ఉన్నా, గదిలో దుమ్ము లేస్తున్నా, పడ్డ శ్రమంతా వృథా. కాబట్టి తుడిచిన గదిలో, ఫ్యాను వేయకుండా చల్లార్చాలి. తడిసిన బిరడా కనిపిస్తే, ఆవిరిలో శుద్ధి చేసి సిద్ధంగా ఉంచుకున్న పొడి బిరడాతో వెంటనే మార్చాలి.

అయిదవది, విత్తనం వేయడం. సంచి 25 డిగ్రీలకు చల్లారాక, గాలి కదలని శుభ్రమైన అరలో బిరడా తీసి, కిలోకు 30 నుంచి 50 గ్రాముల విత్తనం వేసి, తక్షణం మూసేయాలి. చేతులకు స్పిరిట్ రాసుకుంటే అది పూర్తిగా ఆరేదాకా దీపం దగ్గరికి పోవద్దు. చేతులు అంటుకుంటాయి.

పెద్ద ఎత్తున చేసేవారు దూదికి బదులు వడపోత బిళ్ల అతికించిన సంచులు వాడతారు. వాటి మూతిని విత్తనం వేశాక వేడి యంత్రంతో అతికిస్తారు. అతికించే చోట ఒక్క పొట్టు రేణువు గాని, నీటిచుక్క గాని, మడత గాని ఉంటే అక్కడ అతుకు పట్టదు. వేడి తక్కువైతే అతుకు ఊడుతుంది, ఎక్కువైతే ప్లాస్టిక్ కరిగి చిల్లుపడుతుంది. ఒక ఖాళీ సంచిని గాలితో అతికించి నీళ్లలో ముంచి నొక్కండి. అతుకు దగ్గర బుడగలు వస్తే యంత్రాన్ని సరిచేసుకుని, అప్పుడు అసలు పని మొదలుపెట్టండి.

ప్రతి సంచిమీదా తేదీ రాయండి. వారానికి రెండుసార్లు చూడండి. పచ్చమచ్చ ఎక్కడ లేచిందో చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. మెడ దగ్గర లేస్తే బిరడా దోషం. పక్కన ఒకచోట లేస్తే చిల్లు. నడుమ అక్కడక్కడా లేస్తే ఆవిరి చాలలేదు. విత్తనపు గింజల చుట్టూ లేస్తే విత్తనమే చెడ్డది. పచ్చబారిన సంచిని గదిలో విప్పకండి. విప్పకుండానే బయటికి తెచ్చి, మళ్లీ ఆవిరి పట్టి పారేయండి. పక్క సంచులైనా దక్కుతాయి.

అప్పు తెచ్చి యంత్రాలు కొనబోయేవారికి ఒక మాట. షిటాకే కాపుకు వచ్చేటప్పుడు సుమారు 12 నుంచి 20 డిగ్రీల చల్లదనం కోరుతుంది. మన మైదానాల ఎండలకు చల్లబరిచే గది లేకుండా అది సాగదు. ఆ కరెంటు ఖర్చు ముందే లెక్క వేసుకోండి. ముందుగా చిప్పపుట్టగొడుగులతో చేయి తిప్పుకుని, తరువాత 20, 30 షిటాకే సంచులు పెట్టి చూడండి. నూటికి ఎన్ని సంచులు పచ్చబారకుండా నిలిచాయో లెక్కపెట్టండి. ఆ అంకె మీకు తృప్తినిచ్చిన నాడు అప్పు సంగతి ఆలోచించవచ్చు. పుట్టగొడుగుల సాగు గురించి అడిగి తెలుసుకోవడానికి కర్ణాటకవారికి బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ, తమిళనాడువారికి కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఒడిశావారికి భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి.

జాడీ నిండా ఎంత మంచి ఆవకాయ ఉన్నా, వాసెన సరిగా లేకపోతే బూజు పడుతుంది. ఈ సంచి సంగతీ అంతే.