మంట తగ్గింది సరే, లోపలి మార్పు సంగతేంటి?

ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు అనగానే మందుల షాపుకెళ్లి గ్యాస్ గోలీ తెచ్చుకోవడం జహీరాబాద్‌లో మామూలే. గోలీ పనిచేస్తుంది, మంట ఆగుతుంది. ఏళ్ల తరబడి అలాగే నెట్టుకొచ్చేవాళ్ల గురించే నా బెంగ.

మంటకూ క్యాన్సర్‌కూ సంబంధం ఎందుకు?

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం. దాని లోపలి పొర ముద్ద రాపిడిని తట్టుకుంటుంది కానీ కడుపులోని ఆమ్లాన్ని ఎక్కువకాలం తట్టుకోలేదు. ఆమ్లం, పైత్యరసం పదేపదే ఎగదన్నితే కింది భాగంలో పాత కణాలు పోయి, పేగు లోపల ఉండేలాంటి కణాలు పుట్టుకొస్తాయి. ఇదే బారెట్స్ ఈసోఫేగస్. లండన్ సర్జన్ నార్మన్ బారెట్ 1950లో దీన్ని చూసి, కడుపే ఛాతీలోకి లాక్కుపోయిందనుకున్నాడు. అది అన్నవాహికేనని, పొర మాత్రమే మారిందని 1957లో ఒప్పుకున్నాడు.

ఈ పేరు వినగానే హడలిపోవద్దు. కణాల్లో వేరే తేడా లేకపోతే, ఇలాంటి 1,000 మందిలో ఏడాదికి సుమారు ఇద్దరి నుంచి ఐదుగురికే క్యాన్సర్ వస్తుంది. అయితే మంట తగ్గినంత మాత్రాన మారిన పొర మళ్లీ మామూలైపోదు.

నాకసలు మంటే లేదు, నాకెందుకు?

మన దేశంలో అన్నవాహిక క్యాన్సర్లలో ఎక్కువ భాగం స్క్వామస్ రకం. దానికి దారి ఆమ్లం కాదు. బీడీ, సిగరెట్, జర్దా, గుట్కా, వక్క, మద్యం. పొగాకూ మద్యమూ రెండూ ఉంటే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. 65 డిగ్రీలు దాటిన వేడితో పొగలుకక్కే చాయ్ తాగడం కూడా బహుశా కారణమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో తేల్చింది. ఈ దారిలో కణాలు చెడుతున్నప్పుడు మంట ఉండదు, నొప్పి ఉండదు. అందుకే గుట్కా నమిలేవాళ్ల గురించి నాకు ఇంకా భయం.

ఎలా కనిపెడతారు?

ఎండోస్కోపీతో. స్కానింగ్‌లో ఈ మార్పులు దొరకవు. ఆరేడు గంటలు ఏమీ తినకుండా వెళ్తే, గొంతుకు మొద్దుబారే మందు కొట్టి కెమెరా గొట్టం దింపుతారు. పని నిమిషాల్లో అయిపోతుంది. బారెట్స్ అనిపిస్తే ప్రతి 2 సెంటీమీటర్లకూ నాలుగు వైపుల నుంచి చిన్న ముక్కలు తీస్తారు. స్క్వామస్ రకం అనుమానముంటే అయోడిన్ ద్రావణం చల్లుతారు. మంచి కణాలు గోధుమ రంగు పట్టుకుంటాయి, చెడినవి పట్టుకోవు, ముక్క అక్కడి నుంచే తీస్తారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

ముక్క పరీక్షలో ‘డిస్‌ప్లేసియా’ అని వస్తే?

కణాలు దారి తప్పాయని అర్థం, క్యాన్సర్ అని కాదు. తక్కువ స్థాయి అని వస్తే మరో పెథాలజిస్టుకు చూపించి ఖాయం చేసుకోవాలి. మందు సరిగ్గా వాడి ఆరునెలల్లో మళ్లీ చూడొచ్చు, లేదా చికిత్సే చేయించుకోవచ్చు. ఎక్కువ స్థాయి అయితే ఆగకూడదు. ఉబ్బిన భాగాన్ని ఎండోస్కోపీలోనే కోసి తీస్తారు. బారెట్స్‌లో అయితే మిగిలిన పొరను రేడియో తరంగాల వేడితో కాలుస్తారు. ఆమ్లం అదుపులో ఉంటే ఆ చోట మామూలు పొర తిరిగి పెరుగుతుంది. ఛాతీ కోయనక్కర్లేదు, కానీ ఒక్కసారితో అయిపోదు, తర్వాతా చూపించుకుంటూ ఉండాలి. హైదరాబాద్ మనకు సుమారు 100 కిలోమీటర్లు. గచ్చిబౌలిలో ఏఐజీ, రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

డిస్‌ప్లేసియా లేని బారెట్స్ అయితే పొడవును బట్టి మూడేళ్లకో ఐదేళ్లకో మళ్లీ ఎండోస్కోపీ. పొగాకు మానాలి, పొట్ట తగ్గించుకోవాలి, తిన్న వెంటనే పడుకోకూడదు, ఆమ్లం తగ్గించే గోలీ టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి.

ఎవరు ఆలస్యం చేయకూడదు?

జొన్నరొట్టె ముక్క నీళ్లు తాగితే గానీ దిగట్లేదంటే, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, వాంతిలో రక్తం కనిపిస్తే, మలం నల్లగా వస్తే వెంటనే వెళ్లాలి. ఐదేళ్లకు పైగా మంట ఉండి, వయసు 50 దాటి, పొగ తాగే అలవాటో పెద్ద పొట్టో ఉన్న మగవాళ్లు ఈ లక్షణాలు లేకపోయినా ఒకసారి చూపించుకోవాలి. వెళ్లేటప్పుడు పాత ఎండోస్కోపీ, ముక్క పరీక్ష రిపోర్టులు పట్టుకెళ్లండి. పొర ఎంత మారిందో డాక్టరు తేల్చేది వాటితో పోల్చి చూసే.