ఉదయం 5 గంటలకు ముక్కోణపు పోటీ

మారథాన్ లక్ష్యం, ముద్ద ముట్టని కుక్క, లంచ్ బాక్సుల వంటగది... మధ్యతరగతి ఇంట్లో అందరికీ కావల్సింది ఆ ఒక్క గంటే

తెల్లవారుజామున 5 గంటలకు లైట్లు వెలిగే ఇళ్లంటే ఒకప్పుడు ఐఐటీ కోచింగ్‌కు వెళ్లే పిల్లలున్న ఇళ్లే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు వాటికి పరుగు తీసేవాళ్ల ఇళ్లు తోడయ్యాయి. పడకగదిలో చేతి గడియారం మోగి, ఇవాళ 12 కిలోమీటర్లని గుర్తుచేస్తుంది. ఆ చప్పుడుకే లేచిన లాబ్రడార్ తోకాడిస్తూ తలుపు దగ్గర నిలబడుతుంది. వంటగదిలో కుక్కర్ పొయ్యి మీదికి ఎక్కుతుంది. ముగ్గురికీ కావల్సింది 5 నుంచి 6 దాకా ఉండే ఆ చల్లటి గంటే. అప్పుడు ఎండ ఉండదు, ట్రాఫిక్ ఉండదు, ఆఫీసు ఫోన్ మోగదు. రోజులో మరో గంట దానికి సాటిరాదు. దాన్ని ఎవరు తీసుకుంటున్నారు, ఎవరు వదులుకుంటున్నారన్న దాన్ని బట్టే ఆ ఇంట్లో ఎవరి సరదా ఎన్నాళ్లు సాగుతుందో తేలిపోతోంది.

పతకాలు వేలాడే గోడలు

పరుగు సరదా ఈ ఇళ్లలో అడుగుపెట్టి రెండు దశాబ్దాలు దాటింది. 2004లో ముంబై మారథాన్ మొదలైంది. 2005లో ఢిల్లీ హాఫ్ మారథాన్, 2008లో బెంగళూరు 10కె వచ్చాయి. హైదరాబాద్‌లోని పరుగు ప్రియులు 2007లో హైదరాబాద్ రన్నర్స్ పేరుతో జట్టుకట్టారు. ఏటా ఆగస్టులో జరిగే నగర మారథాన్‌లో గాలిలోని తేమతోనూ, ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలతోనూ కుస్తీపట్టడం ఇప్పుడు చాలామందికి ఏడాదికోసారి వచ్చే పండగ లాంటిది.

చిన్నప్పుడు పీటీ పీరియడ్ ఎగ్గొట్టినవాళ్లే నలభై దాటాక బూట్లు బిగిస్తున్నారు. కారణం చాలాసార్లు రక్తపరీక్ష రిపోర్టు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు భారత వైద్య పరిశోధన మండలి సారథ్యంలోని అధ్యయనం 2023లో అంచనా వేసింది. డాక్టర్ నడవమంటారు. నడక జాగింగ్ అవుతుంది. 5 కిలోమీటర్లు 10 అవుతాయి, 10 కాస్తా 21.1 అవుతాయి. ఆ తర్వాత కళ్లముందు కదలాడేది 42.195 ఒక్కటే. షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన ఫినిషర్ పతకం చేరుతుంది.

అయితే పరుగు మిగతా సరదాల్లాంటిది కాదు. దానికి తేదీ ఉంటుంది, అంకె ఉంటుంది. పూర్తి మారథాన్‌కు సాధారణంగా 16 నుంచి 20 వారాల శిక్షణ కావాలి. అంటే వారానికి నాలుగైదు రోజుల పరుగు, ఆదివారం మూడు గంటలు మించే 'లాంగ్ రన్'. దానికోసం శనివారం రాత్రి పెళ్లి రిసెప్షన్ నుంచి తొమ్మిదికల్లా బయటపడాలి. ఆదివారం మధ్యాహ్నం కాళ్లు చాపుకుని పడుకోవాలి. ఎంట్రీ ఫీజు కట్టేది ఒక్కరే అయినా శిక్షణ ఇంటిల్లిపాదికీ నడుస్తుంది.

అంకెల మోజు

పరుగెత్తనివారిని కూడా అంకె వదలడం లేదు. రోజుకు 10,000 అడుగులు పూర్తికాలేదని రాత్రి పదింటికి హాల్లో అటూ ఇటూ తిరిగేవాళ్లు లేని అపార్ట్‌మెంట్ అరుదు. ఈ అంకె ఏ వైద్యుడి నోటినుంచో వచ్చింది కాదు. టోక్యో ఒలింపిక్స్ ముగిసిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. దాని పేరు 'మాన్‌పో-కేయ్', అంటే పదివేల అడుగుల మీటర్. పేరే లక్ష్యమై ప్రపంచమంతా పాకింది. సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది అమెరికన్ మహిళలపై 2019లో వెలువడిన అధ్యయనంలో తేలింది వేరు. రోజుకు 4,400 అడుగులు వేసేవారిలోనే మరణాల రేటు గణనీయంగా తగ్గింది. దాదాపు 7,500 దాటాక అదనపు ప్రయోజనం కనిపించలేదు. ఆరోగ్యం కోసమైతే ఇంట్లో అందరి ఉదయాన్నీ తాకట్టుపెట్టేంత అంకె అక్కర్లేదన్నమాట.

గారాల గిన్నె

ఇక ముక్కోణంలో రెండో కోణం. 2003లో హచ్ ప్రకటన వచ్చాక 'హచ్ కుక్క' పేరుతో పగ్‌లు నగరాల్లో ఇల్లిల్లూ చేరాయి. లాబ్రడార్లు అంతకు ముందునుంచే ఉన్నాయి. వీటిని పెంచే ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటే, తిండి ముట్టదని. కొన్న ప్యాకెట్ తిండిని వాసన చూసి మొహం తిప్పేస్తుంది. పెరుగన్నం పెడితే పెరుగు నాకి మెతుకులు వదిలేస్తుంది. చివరికి ఎవరో జాలిపడి చికెన్ ఉడికిస్తారు.

సమస్య అక్కడే ఉంది. గిన్నె వదిలేస్తే చికెన్ వస్తుందని కుక్క నేర్చుకుంటుంది. నేర్పింది ఇంట్లోవాళ్లే. పొద్దున్నే నాన్న ఆమ్లెట్ ముక్క, పదకొండింటికి నానమ్మ బిస్కెట్, సాయంత్రం పిల్లల చిప్స్ కడుపులోకి వెళ్లాక గిన్నెలోని తిండికి ఆకలెక్కడిది? పశువైద్యులు చెప్పే మందు చాలా తేలిక. రోజూ ఒకే వేళకు గిన్నె పెట్టాలి, 15-20 నిమిషాల్లో ముట్టకపోతే తీసేయాలి, మళ్లీ వేళయ్యేదాకా ఏమీ ఇవ్వకూడదు. చిరుతిళ్లు రోజు మొత్తం తిండిలో పదో వంతు మించకూడదు. అయితే పసికూనల విషయంలో ఈ పంతం పనికిరాదు. ఎప్పుడూ బాగా తినే కుక్క హఠాత్తుగా మానేసినా, నీరసంగా పడుకున్నా, వాంతులు చేసుకున్నా గారమనుకోకూడదు. మన దగ్గర పిడుదుల వల్ల వచ్చే జ్వరాల తొలి లక్షణాల్లో ఆకలి చచ్చిపోవడం ఒకటి.

అన్నం పెట్టడం తప్పేమీ కాదు. తోడేళ్లతో పోలిస్తే కుక్కలకు పిండిపదార్థాన్ని అరిగించుకునే జన్యువు ప్రతులు చాలా ఎక్కువని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో తేల్చారు. మనిషి ముద్ద పంచుకుంటూనే అది కుక్కయింది. ప్రమాదం అన్నంలో కలిపేవాటితో. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలకు చేటు. చాక్లెట్ విషమే. సాంబారన్నం మీద జాలి ఆ లెక్కన జాలి కాదు.

పరుగులోనే కుక్కను తీసుకెళితే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి కదా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అది ఎక్కువ రోజులు నిలవదు. మనిషిలా కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. ఒంట్లో వేడిని అది ప్రధానంగా రొప్పుతూ వదిలించుకోవాలి. ముక్కు చప్పిడిగా ఉండే పగ్‌కు అదీ కష్టమే. పెద్ద జాతి పిల్లలకు ఎముకలు గట్టిపడేదాకా, అంటే ఏడాదిన్నర వరకూ, దూరపు పరుగు మంచిది కాదు. పైగా కుక్కకు కావల్సింది వేగం కాదు. ప్రతి స్తంభం దగ్గరా ఆగి, రాత్రి ఎవరు వచ్చి వెళ్లారో వాసన చూడటమే దాని దినపత్రిక. ఆగినప్పుడల్లా గడియారం నొక్కే యజమాని నాలుగో రోజుకు ఒక్కడే వెళతాడు. కుక్క గొలుసు ఇంకెవరి చేతికో వస్తుంది.

గొలుసు ఎవరి చేతికి?

సాధారణంగా అది మూడో కోణానికి, అంటే వంటగదికే చేరుతుంది. కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం 2024లో జీతం లేని ఇంటిపనిపై మహిళలు రోజుకు 289 నిమిషాలు వెచ్చించగా, పురుషులు 88 నిమిషాలు వెచ్చించారు. అదీ ఆ పని చేసేవారి లెక్క. ఇంటిపనిలో అసలు చేయిపెట్టే పురుషులు 26 శాతమేనని 2019 సర్వే చెప్పింది. మహిళల్లో ఇది 81 శాతం.

ఈ అంకెలు సరదాల తీరునే మార్చేస్తాయి. భర్త పరుగుకు తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి కాబట్టి దానికి అడ్డురాకూడదు. భార్య మిద్దెతోట, కుట్టుపని, ఎప్పుడో ఆపేసిన వీణ మాత్రం కుక్కర్ కూతకు మధ్యలో ఆగగలిగేవి కావాలి. ఒకరి సరదా లక్ష్యమవుతుంది, మరొకరిది కాలక్షేపంగానే మిగిలిపోతుంది. ఆమే పరుగెత్తాలనుకుంటే చీకటి వీధి, వీధికుక్కలు, వెంటపడే చూపులు అదనం. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్‌కు 1984 దాకా చోటే లేదు. ఇంట్లో అది ఇప్పటికీ అడిగి తెచ్చుకోవల్సిందే.

దీనికి పరిష్కారం పరుగు మానడం కాదు. ఇద్దరూ పరుగెత్తే ఇళ్లలో కొందరు ఫ్రిజ్ తలుపు మీద వారం పట్టిక అంటిస్తున్నారు. మంగళ, గురువారాలు ఒకరి పరుగు, బుధ, శుక్రవారాలు మరొకరి పరుగు. పరుగు లేనివారిది లంచ్ బాక్సుల పూట. కొందరు 42 కిలోమీటర్ల పంతం వదిలి 10 దగ్గర ఆగుతున్నారు. వారానికి మూడు ఉదయాలు చాలు, ఆదివారం ఇంటికి మిగులుతుంది. కుక్క గిన్నె బాధ్యత ఒక్కరికే, అదీ పరుగు ముగించి వచ్చినవారికే అప్పగిస్తే ఇంకో లాభం ఉంది. ఒకే చేయి, ఒకే వేళ అయ్యేసరికి దాని గారాలూ తగ్గుతాయి.

కిలోమీటరుకు పట్టిన సెకన్లతో సహా లెక్క చెప్పగలిగే మనిషికి ఇంట్లో ఎవరి గంట ఎవరు వాడుకుంటున్నారో లెక్కవేయడం పెద్ద కష్టం కాదు. ఆ లెక్క చూపించే గడియారం మాత్రం ఇంకా మార్కెట్లోకి రాలేదు.