పారువేట గుర్రాల ముందు 18-135 లెన్స్

మద్దికెరలో దసరా అంటే గుర్రాలు. విజయదశమి సాయంత్రం యాదవ రాజుల వంశానికి చెందిన పెద్దనగరి, చిన్ననగరి, వేమనగరి కుటుంబాల వాళ్లు గుర్రాలెక్కి బొజ్జనాయునిపేటలోని భోగేశ్వర స్వామి గుడికి వెళ్తారు. పూజ అయ్యాక అక్కడి నుంచి మద్దికెరకు పందెం. రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లకు ఆ గుర్రాలు కనిపించేది కొన్ని సెకన్లే. తప్పిపోతే మళ్లీ వచ్చే దసరాకే!

'అన్నిటికీ ఇదొక్కటి చాలు' అని అమ్మే జూమ్ లెన్సుకు ఇంతకన్నా గట్టి పరీక్ష ఏముంటుంది? కెనాన్ 18-135 ఎంఎం, 2016లో వచ్చిన యూఎస్‌ఎం మోడల్, 80డీ కెమెరాకు తగిలించుకుని పోయినాను.

సగం మార్కులు అక్కడికక్కడే కొట్టేసింది. గుర్రాలు దూరంగా ఉన్నప్పుడు 135, మీదికొచ్చేసరికి 18. మణికట్టు తిప్పితే చాలు. ఆ దుమ్ములో లెన్స్ మార్చే పనే లేదు. మార్చామంటే సెన్సర్ మీద దుమ్ము పడినట్టే. ఫోకస్ కూడా చప్పుడు లేకుండా టక్కున పట్టుకుంటుంది. బరువు 515 గ్రాములు. మెడ నొప్పి లేదు గానీ, హుడ్ విడిగా కొనాలి, అదొక్కటి చిరాకు.

అసలు కష్టం పొద్దు వాలినాక మొదలు. 135 దగ్గర ఈ లెన్స్ ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్/2.8 లెన్సుతో పోలిస్తే లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతే. పరుగెత్తే గుర్రం చెదరకుండా రావాలంటే షట్టర్ 1/1000 దగ్గర ఉండాలి. అక్కడ ఐఎస్‌ఓ 1600 సరిపోయే చోట ఇక్కడ 6400 కావాలి. ఫొటోలో గరుకు కనిపిస్తుంది. నాలుగు స్టాపుల స్టెబిలైజర్ ఉంది కదా అంటారా? అది ఆపేది మన చేతి వణుకును, గుర్రం కాళ్లను కాదు.

షట్టర్ 1/60కి దించి, గుర్రంతో పాటే కెమెరా తిప్పితే మాత్రం మజా. వెనక జనమంతా గీతలైపోతారు, రౌతు మొహం నిలుస్తుంది. పదింటికి ఒకటి కుదిరినా చాలు.

పగటిపూట వెడల్పు ఫొటోలకు మీ చేతిలోని ఫోనే చాలు. ఈ లెన్సుకు డబ్బులు పెట్టేది 135 కోసమే. కాబట్టి షాపులో ట్యూబ్‌లైట్ కింద చూసి కొనేయొద్దు. ఫ్రెండ్‌ది అడిగి తీసుకుని, సాయంత్రం ఆరింటికి రోడ్డు మీద పోయే బైకులను 135లో తీయండి. ఆ ఫొటోలు మీకు నచ్చకపోతే, చవగ్గా దొరికే 50 ఎంఎం ఎఫ్/1.8 చూడండి. జూమ్ ఉండదు గానీ, వెలుతురు దాదాపు 10 రెట్లు.