తోసింది చిటికెడు... ఊగింది బారెడు!

కొత్త వాషింగ్ మెషిన్ కొన్న మొదటి ఆదివారమే మా ఇంట్లో పెద్ద గొడవైంది. బట్టలు వేసి స్విచ్ నొక్కి, వంటింట్లో పులుసుకు తాలింపు పెడుతున్నాను. ఉతకడం దాకా బాగానే ఉంది. నీళ్లు పిండడం మొదలయ్యేసరికి దడదడమని ఒకటే మోత! పరుగెత్తి వెళ్లి చూద్దును కదా, మెషిన్ గోడ దగ్గర్నుంచి జానెడు ముందుకు నడిచి వచ్చేసింది. ఈలోగా కాలింగ్ బెల్. కింది ఫ్లాటు ఆవిడ, చంకలో ఏడుస్తున్న బాబు. "భూకంపమేమో అనుకుని పిల్లాణ్ణి ఎత్తుకుని మెట్ల దాకా వచ్చేశామండీ" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

మెషిన్‌కి వచ్చిన రోగమేమిటో తర్వాత చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు ఉయ్యాల దగ్గరికి వెళ్లాలి.

అట్లతద్దికి చెట్టుకొమ్మకు ఉయ్యాల కట్టి ఊగిన రోజులు గుర్తున్నాయా? వెనక నిలబడి ఊపే పిల్లకు పెద్ద బలమేమీ అక్కర్లేదు. ఉయ్యాల వెనక్కి వచ్చి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ ముందుకు బయల్దేరేటప్పుడు చిన్నగా తోస్తే చాలు. పదిసార్లు అలా తోసేసరికి ఊగే పిల్ల కాళ్లు ఆకుల్ని తాకుతుంటాయి. అదే, ఉయ్యాల ఎదురొస్తున్నప్పుడు తోశారనుకోండి... ఊపు చచ్చిపోతుంది, మన మణికట్టు మాత్రం నొప్పెడుతుంది.

ప్రతి ఉయ్యాలకూ దానిదంటూ ఒక లయ ఉంది. మీటరు తాడున్న ఉయ్యాల ఒకసారి పోయి రావడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. 4 మీటర్ల తాడైతే 4 సెకన్లు. కూర్చున్నది అయిదేళ్ల పాపా, అరవై కిలోల అమ్మా అన్నదానితో పెద్దగా పనిలేదు. ఆ లయకు సరిగ్గా సరిపోయేలా తోస్తూపోతే ఊపు పెరుగుతూ పోతుంది. మన పిల్లల ఫిజిక్స్ పుస్తకంలో 'అనునాదం' అని ఉండేది ఇదే. మరి ఊపు ఆకాశానికి ఎందుకు పోదు? గాలీ, తాడు రాపిడీ కలిసి ఊపును కొంచెం కొంచెంగా తినేస్తుంటాయి కాబట్టి. దీన్నే డాంపింగ్ అంటారు. తోపు ఇచ్చేదెంత, రాపిడి తినేదెంత... లెక్కంతా ఇక్కడే ఉంది.

వంతెనకూ, మేడకూ కూడా ఇలాగే సొంత లయ ఉంటుంది. లండన్‌లో థేమ్స్ నది మీద కేవలం నడిచేవాళ్ల కోసం మిలీనియం బ్రిడ్జి కట్టారు. 325 మీటర్ల పొడవు, చూడముచ్చటైన సన్నటి వంతెన. 2000 జూన్ 10న తెరవగానే జనం విరగబడ్డారు. కాసేపటికే వంతెన అటూఇటూ ఊగడం మొదలైంది! రెండు రోజులకే మూసేయాల్సి వచ్చింది.

జనం బరువు ఎక్కువైపోయిందా అంటే, కాదు. ఆ బరువును మోయగలిగేలాగే కట్టారు. మనం నడిచేటప్పుడు సెకనుకు దాదాపు రెండు అడుగులు వేస్తాం. కుడికాలు వేసినప్పుడు ఒక పక్కకీ, ఎడమకాలు వేసినప్పుడు రెండో పక్కకీ నేలను చాలా కొద్దిగా నెడతాం. అంటే పక్కకు తోసే లయ సెకనుకు ఒకటి. వంతెన పక్కలకు ఊగే సొంత లయల్లో ఒకటి దానికి దగ్గరగా ఉంది. వంతెన కాస్త కదిలేసరికి జనం ఏం చేశారు? తూలి పడిపోకుండా కాళ్లు ఎడంగా పెట్టి, ఆ ఊపుకు తగ్గట్టే అడుగులు వేశారు. పడవెక్కితే మనమూ అలాగే చేస్తాంగా! ఆ అడుగులే వంతెనను ఇంకా తోశాయి. ఎవరూ కావాలని చేసింది కాదు.

ఇంజనీర్లు తర్వాత దాని మీద మనుషుల్ని నడిపించి పరీక్షించారు. ఒక భాగం మీద సుమారు 160 మంది దాకా ఎంతమందిని చేర్చినా వంతెనలో చలనం లేదు. ఆపైన కొద్దిమంది చేరగానే ఒక్కసారిగా ఊగిపోయింది. రాపిడి తినగలిగిన దానికన్నా తోపు ఎక్కువైపోయిందన్నమాట. అందుకే వాళ్లు వంతెనను కూలగొట్టి లావుగా కట్టలేదు. ఊపును మింగేసే డాంపర్లు దాదాపు 90 బిగించారు. స్కూటరు షాక్ అబ్జార్బర్ లాంటివే కొన్ని. సుమారు 50 లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. 2002 ఫిబ్రవరిలో వంతెన మళ్లీ తెరిచారు, ఆ ఊగడం మళ్లీ లేదు.

అక్కడ జనం భయపడ్డారే గాని ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. అన్నిసార్లూ అలా ఉండదు. 1985 సెప్టెంబరు 19న మెక్సికోలో వచ్చిన భూకంపం పుట్టింది పసిఫిక్ తీరంలో. మెక్సికో నగరం అక్కడికి 350 కిలోమీటర్ల పైమాటే. అయినా వేలమంది చనిపోయారు. ఆ నగరంలో చాలా భాగం ఒకప్పటి చెరువు అడుగున పేరుకున్న మెత్తటి బంకమట్టి మీద ఉంది. గిన్నెలో జున్నులాగా ఆ మట్టి సుమారు 2 సెకన్లకోసారి ఊగింది. ఎక్కువగా దెబ్బతిన్నవి 6 నుంచి 15 అంతస్తుల మేడలు. పొట్టి ఇళ్లు చాలావరకు నిలిచాయి, 44 అంతస్తుల లాటినోఅమెరికానా టవరూ నిలిచింది. మేడ ఊగడానికి అంతస్తుకు దాదాపు సెకనులో పదోవంతు చొప్పున పడుతుందని ఒక మోటు లెక్క. గోడలు పగిలిన కొద్దీ మేడ వదులై ఇంకా నిదానంగా ఊగుతుంది. అలా మధ్యరకం మేడలు నేల లయకు చిక్కిపోయాయి. ఫ్లాటు కొనేటప్పుడు వంటింటి గట్టు గ్రానైటా కాదా అని అడుగుతాం గాని, కింద మట్టి పరీక్ష చేయించారా, భూకంపాల లెక్క వేసి డిజైన్ చేశారా అని మాత్రం అడగం. నేనూ అడగలేదు.

కింది ఫ్లాటు ఆవిడ భయం నవ్వులాటగా తీసుకోవాల్సింది కాదనిపించింది ఇదంతా చదివాక.

ఇక మా మెషిన్ రోగం. ఫ్రంట్ లోడ్ మెషిన్‌లో తొట్టి స్ప్రింగుల మీద వేలాడుతూ, కింద డాంపర్ల మీద ఆని ఉంటుంది. పిండడం మొదలయ్యాక వేగం పెరుగుతూ తొట్టి సొంత లయను దాటాలి. ఆ దాటే కొద్దిసేపే దడదడ. దాటిపోయాక పూర్తి వేగంలో నిజానికి నెమ్మదిస్తుంది. లారీలో తెచ్చేటప్పుడు తొట్టి కొట్టుకోకుండా వెనకవైపు పొడుగాటి బోల్టులు బిగిస్తారు. బిగించడానికి వచ్చిన అబ్బాయి వాటిని విప్పనేలేదు! స్ప్రింగులూ, డాంపర్లూ ఉండీ పనిచేయకుండా పోయాయి. ఊపంతా పెట్టెకీ, పెట్టె నుంచి నేలకీ పోయింది.

బోల్టులు తీయించాను. నాలుగు కాళ్లూ నేలకు ఆనేలా సరిచేయించాను. చుట్టాలు మెచ్చుకుని కొన్న చక్రాల స్టాండు పక్కన పడేశాను, అది కూడా ఊగేదే. తడిసిన దుప్పటి ఒక్కటే వేస్తే ముద్దయి ఒక పక్కకు చేరుతుంది, తోడుగా రెండు తువ్వాళ్లు వేస్తున్నాను.

తర్వాతి ఆదివారం మెషిన్ వేసి, మావారిని కాపలా పెట్టి, నేనే కింది ఫ్లాటుకు వెళ్లి కూర్చున్నాను. బాబు నిద్రపోతున్నాడు. మధ్యలో పైనుంచి సన్నగా గుడగుడ వినిపించింది. ఆవిడ నా మొహం చూసింది.

"దాటిపోతుంది, ఉండండి" అన్నాను.

దాటిపోయింది. ఆవిడ కాఫీ పెట్టడానికి లేచింది.