కొలబద్దవంటి చిన్న పరీక్ష
కంప్యూటరుపై దానిని అమర్చు విధము

గోదావరికి వరద వచ్చినదనగానే కోనసీమవారి చెవులన్నియు ధవళేశ్వరము వైపే యుండును. అక్కడ బ్యారేజి వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇత్తురు. 2022 జూలైలో మూడవ హెచ్చరికయు దాటి నీరు వచ్చిన సంగతి పి.గన్నవరము లంకలవారెవ్వరును మరువలేరు. నీటిమట్టము చూపు ఆ కొలబద్ద ఎవరిని శిక్షింపదు, ఎవరికిని బహుమతి యియ్యదు. ఉన్న సంగతిని ఉన్నట్లు, వేళకు చెప్పును. పశువులను గట్టుకు తోలుకొనుటకును, ధాన్యమును అటుక మీదికి ఎక్కించుటకును మనకు వ్యవధి చిక్కును. దాని ప్రయోజనమంతయు ఆ వ్యవధిలోనే యున్నది.

కాలువల మీద ఇంకొక సాధనము కూడ కలదు. అది లాకు తలుపు. తలుపు తెరచినచో పడవ పోవును, మూసినచో ఆగును. మన పరీక్షలలో పెద్దవన్నియు లాకు తలుపులవంటివి. పదవ తరగతి పబ్లిక్ పరీక్ష, ఇంటర్మీడియెట్ పరీక్ష, ఉద్యోగపు పరీక్ష, వీనిలో గట్టెక్కినవాడు ముందుకు పోవును, లేనివాడు ఆగును. ఇట్టివి అవసరమే. కాని తలుపుతో మట్టము కొలువబోయినచో చిక్కు వచ్చును. జూలై నెలలో భిన్నములు బోధపడని పిల్లవాని సంగతి ఏప్రిల్ పరీక్షలో బయటపడినచో, అప్పటికి ఉపాధ్యాయుడు చేయగలిగిన దేమున్నది? నీరు ఇంటిలోనికి వచ్చిన తరువాత హెచ్చరిక విన్నట్లగును.

కావున పాఠము నడుచుచుండగనే మట్టము చూపు చిన్న పరీక్షలు కావలెను. మార్కుల భారము లేని ఈ పరీక్షలను నేడు కంప్యూటరుపైనను, చేతిఫోనుపైనను నిర్వహించుటకు మంచి సాధనములు కలవు. వానిని అమర్చు విధమును, ఆ అమరికల వెనుకనున్న కారణములను ఈ వ్యాసమున తెలిసికొందము.

అప్పజెప్పుటలోని రహస్యము

ముందుగా ఒక సందేహము. పరీక్ష యనగా తెలిసినదానిని కొలుచుట మాత్రమే కదా, దానివలన క్రొత్తగా నేర్చుకొనునదేమి? అని కొందరు అడుగవచ్చును. మన పెద్దలు వీథిబడులలో పుస్తకము మూసి పాఠము అప్పజెప్పించుకొనెడివారు. చదువుట వేరు, అప్పజెప్పుట వేరు అని వారికి అనుభవముచే తెలియును. దానినే మనస్తత్వ శాస్త్రజ్ఞులు తరువాత ప్రయోగములచే నిరూపించిరి.

అమెరికాలోని ఐయోవా రాష్ట్రమున స్పిట్జర్ అను పరిశోధకుడు 91 పాఠశాలలకు చెందిన 3,605 మంది ఆరవ తరగతి పిల్లలపై జరిపిన ప్రయోగము 1939లో ప్రకటితమైనది. చదివిన వెంటనే చిన్న పరీక్ష వ్రాసిన పిల్లలు, వ్రాయనివారికంటె చాల దినముల తరువాత కూడ పాఠమును ఎక్కువగా జ్ఞాపకముంచుకొనిరి. 2006లో రోడిగర్, కార్పికీ అను శాస్త్రజ్ఞులు ఇంకను స్పష్టమైన ప్రయోగము చేసిరి. కొందరు విద్యార్థులు ఒక పాఠమును రెండుమారులు చదివిరి. మరికొందరు ఒకమారు చదివి, రెండవమారు చదువుటకు బదులు జ్ఞాపకమున్నంతవరకు వ్రాసిరి. అయిదు నిమిషముల తరువాత అడిగినప్పుడు రెండుమారులు చదివినవారే మెఱుగు. వారు నూటికి 81 వంతులు చెప్పగా, వ్రాసినవారు 75 వంతులు చెప్పిరి. కాని ఒక వారము గడచిన పిమ్మట ఫలితము తారుమారైనది. చదివినవారికి 42 వంతులు మిగులగా, వ్రాసినవారికి 56 వంతులు మిగిలినవి. జ్ఞాపకమునుండి బయటకు తీయుట యనునదే ఆ విషయమును మనస్సులో గట్టిపరచునని దీనివలన తేలుచున్నది.

భారము ఎందుకు తగ్గింపవలెను?

అట్లయిన ప్రతి వారము పెద్ద పరీక్షయే పెట్టవచ్చును గదా యందురేమో! మార్కుల భారము పెరిగినకొలది విద్యార్థి తనకు తెలియనిదానిని దాచుటకు ప్రయత్నించును. ప్రక్కవానిని చూచి వ్రాయును, ఊహించి గుఱి పెట్టును. అప్పుడు కొలబద్ద అబద్ధమాడును. భారము తేలికయైనచో దాచవలసిన పని యుండదు.

ఈ విషయమున ఇటీవలి చరిత్రనుండి గ్రహింపవలసినది ఒకటి కలదు. 2020లో కోవిడ్ వ్యాధి కారణముగా తెలంగాణలో పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు నడుమ నిలిచిపోయినవి. జూన్ నెలలో ప్రభుత్వము మిగిలిన పరీక్షలను రద్దుచేసి, అంతకుముందు పాఠశాలలలో జరిగిన అంతర్గత పరీక్షల మార్కుల ఆధారముతో గ్రేడులు నిర్ణయించెను. అటువంటి ఆపత్కాలమున వేరు మార్గము కనుగొనుట కష్టమే. కాని చిన్నవి యని తలచి వ్రాసిన పరీక్షలు ఒక్కసారిగా పెద్దవైపోయినవి. కొలబద్దయే తలుపైనది. కనుక చిన్న పరీక్ష పెట్టు ఉపాధ్యాయుడు దాని మార్కులు దేనికి వాడబడునో, దేనికి వాడబడవో మొదటి దినముననే పిల్లలకు చెప్పవలెను, చెప్పిన మాటపై నిలువవలెను. ఆ నమ్మకమే ఈ పద్ధతికి పునాది.

సాధనము

విద్యాలయములలో పాఠములను, అభ్యాసములను, మార్కులను ఒకేచోట ఉంచి నడుపు సాఫ్టువేరులు పెక్కు కలవు. వానిలో మూడిల్ అనునది ప్రసిద్ధము. ఆస్ట్రేలియా దేశస్థుడైన మార్టిన్ డూగియామస్ దీనిని రూపొందించెను. దీని మొదటి సంపూర్ణరూపము 2002లో వెలువడినది. ఎవరైనను రుసుము లేకుండ తెచ్చుకొని తమ సర్వరుపై పెట్టుకొనవచ్చును. అందలి క్విజ్ అను భాగమే మనకు కావలసినది. ఇతర సాఫ్టువేరులలో పేర్లు మారవచ్చును గాని సూత్రములు ఒక్కటే.

ప్రశ్నను కూర్చుట

పి.గన్నవరములోని ఎనిమిదవ తరగతి విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయుడొకరు తమ ఊరి అక్విడక్టును గూర్చి పాఠము చెప్పినారనుకొందము. వైనతేయ పాయ మీదుగా కాలువనీటిని నగరము లంకకు చేర్చుటకు 1850వ దశకమున 49 కమానులతో కట్టిన ఆ కట్టడమును పిల్లలందరు చూచినవారే. ప్రశ్న యిది: "అక్విడక్టుపై నీరు ఆవలి గట్టుకు పోవుటకు కారణమేమి?" జవాబులు నాలుగు: పంపులు తోయుట; కాలువ అడుగు కొంచెము వాలుగా నుండుట; క్రింది నది యొక్క వేగము; గాలి వీచుట.

సరియైనది రెండవదని పాఠకులకు తెలియును. కాని ఉపాధ్యాయునకు తప్పు జవాబులే ఎక్కువ ముఖ్యము. పంపులు అన్న పిల్లవాడు భూమ్యాకర్షణను మరచినాడు. నది వేగము అన్న పిల్లవాడు రెండు ప్రవాహములు వేరువేరని గ్రహింపలేదు. ఒక్కొక్క తప్పునకు ఒక్కొక్క సూచన ముందుగానే వ్రాసి పెట్టుటకు సాఫ్టువేరులో చోటు కలదు. "క్రింద నది ఎండినప్పుడు పైన కాలువ ఆగునా? ఆలోచింపుము" అని సూచించినచో పిల్లవాడు తానే దారికి వచ్చును. ఎవరును ఎన్నుకొనని నాలుగవ జవాబువంటివి ఉండియు లేనట్లే.

ఇట్లు వ్రాసిన ప్రశ్నలను ప్రశ్ననిధిలో, తెర మీద క్వశ్చన్ బ్యాంక్ అని కనిపించుచోట, అంశములవారీగా దాచవలెను. ముప్పది ప్రశ్నలున్నచో ఒక్కొక్క విద్యార్థికి పదేసి చొప్పున సాఫ్టువేరే కలిపి ఇచ్చును. అప్పుడు ప్రక్కవాని తెర చూచినను లాభము తక్కువ. నాలుగు జవాబుల ప్రశ్నలు పదింటిని కేవలము ఊహతో గుర్తించినచో సగటున రెండున్నర మాత్రమే ఒప్పగును. ఎనిమిదియో అంతకుమించియో ఒప్పగుట రమారమి 2,400 పర్యాయములలో ఒక్కసారి మాత్రమే సంభవించును. కనుక ఎనిమిది వచ్చినవానికి కొంత తెలియుననియే గ్రహింపవచ్చును.

అమరికలు

మొదటిది కాలము. పరీక్ష తెరచు దినము, మూయు దినము మనమే నిర్ణయింపవచ్చును. ఇంటికొక్క ఫోను మాత్రమే యున్నచోట, అదియు తండ్రితోపాటు పనికి పోవుచోట, ఒక గంట గడువు పెట్టుట అన్యాయము. మూడు నాలుగు దినములు తెరచి యుంచుట మేలు. నిమిషముల పరిమితి పెట్టకున్నను నష్టము లేదు.

రెండవది ప్రయత్నముల సంఖ్య. ఒకమారు వ్రాసి తప్పినవాడు చదువుకొని మరల వ్రాయవచ్చునన్నచో చదువునకే ప్రోత్సాహము. మూడు ప్రయత్నములిచ్చి, వానిలో మిక్కిలి ఎక్కువ వచ్చిన మార్కును గ్రహింపుమని సాఫ్టువేరునకు చెప్పవచ్చును.

మూడవది ప్రశ్నల నడవడిక. జవాబు ఇచ్చిన వెంటనే తప్పొప్పులు తెలిపి, సూచన చూపి, మరల ప్రయత్నింపనిచ్చు పద్ధతి ఒకటి. అన్నియు పూర్తియైన తరువాతనే తెలుపు పద్ధతి మరియొకటి. నేర్చుకొనుటకు మొదటిదే అనుకూలము. కాని ఫోనులో ప్రశ్నలను దించుకొని, సిగ్నలు లేనిచోట కూర్చుండి వ్రాయుటకు మూడిల్ అనుమతించునది రెండవ పద్ధతిలోనే. అప్పుడు నిమిషముల పరిమితియు ఉండరాదు. వరద వచ్చి విద్యుత్తు, సిగ్నలు లేని లంకగ్రామపు పిల్లలకు ఇది ఉపకరించును. తన తరగతి స్థితిని బట్టి ఉపాధ్యాయుడు ఎన్నుకొనవలెను.

నాలుగవది ఏ వేళకు ఏమి చూపవలెనను అమరిక. సూచనలు వెంటనే చూపవచ్చును. సరియైన జవాబు మాత్రము గడువు ముగిసిన పిమ్మటనే చూపవలెను. లేనిచో అది సాయంకాలమునకు వాట్సాపులో తరగతి యంతటికి చేరును.

అయిదవది మార్కుల తూకము. సంవత్సరములో ఇరువది చిన్న పరీక్షలు పెట్టి, అన్నింటికి కలిపి నూటికి పది మార్కులు కేటాయించినచో, ఒక్కొక్కదాని విలువ అర మార్కు. ఒకటి తప్పిపోయినను కొంప మునుగదు, అన్నియు మానివేసినచో మాత్రము తెలియును. ఐ.ఐ.టి.లు నడుపు ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠ్యక్రమములలో సాధారణముగా అనుసరించు పద్ధతి ఇందుకు మంచి నిదర్శనము. స్వయం వేదిక ద్వారా ఏ ఊరినుండియైనను వీనిలో చేరవచ్చును. పండ్రెండు వారముల పాఠమునకు వారము వారము అభ్యాసముండును. వానిలో మేలైన ఎనిమిదింటి సగటునకు 25 మార్కులు, కేంద్రమునకు పోయి వ్రాయు కడపటి పరీక్షకు 75 మార్కులు. అనగా లెక్కకు వచ్చు ఒక్కొక్క అభ్యాసమునకు మూడు మార్కులకు కొంచెము పైన. జ్వరము వచ్చినను, ప్రయాణము తగిలినను నాలుగు వారములవరకు ఓదార్పు కలదు.

మట్టము చదువుట

గేజి చూచి ఊరకున్నచో ప్రయోజనమేమి? పరీక్ష ముగిసిన తరువాత సాఫ్టువేరు ఒక పట్టిక నిచ్చును. అందులో ఒక్కొక్క ప్రశ్నకు తరగతి సగటున నూటికెంత సాధించెనో యుండును. ఇది ఆ ప్రశ్న యొక్క సులభత. మంచి విద్యార్థులు ఆ ప్రశ్నను తక్కినవారికంటె ఎక్కువగా సాధించిరా లేదా అని చూపు అంకె మరియొకటి. అక్విడక్టు ప్రశ్నలో నలుబది మందిలో ముప్పదిరెండు మంది పంపులు అని గుర్తించినచో, తప్పు పిల్లలది కాదు. వాలును గూర్చి మరల చెప్పవలెను. బాగుగా చదువువారే తప్పి, చదువనివారు ఒప్పు గుర్తించినచో ప్రశ్నయే వంకరగా నున్నదన్నమాట. దానిని దిద్దవలెను.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగింతును. మార్కుల పట్టికను గోడపై అంటించుట గాని, తరగతి గుంపులో అందరికి పంపుట గాని చేయరాదు. నలుగురిలో సిగ్గుపడిన పిల్లవాడు మరుసటి వారము నిజము చెప్పడు. ఇక ఫోను బొత్తిగా లేని పిల్లవానికి అవే ప్రశ్నలు కాగితముపై ఇచ్చి, జవాబులను ఉపాధ్యాయుడే ఎక్కింపవలెను. యంత్రము లేనందున పిల్లవాడు లెక్కలోనుండి జారిపోరాదు.

ధవళేశ్వరమున మట్టము చూచువాడు వరదను ఆపలేడు. కాని అతడు వేళకు చెప్పిన అంకెలవలన లంకలలో ప్రాణములు దక్కును. వారమునకొక పది ప్రశ్నలు పెట్టి, వాని ఫలితమును శ్రద్ధగా చదివి, మరుసటి దినపు పాఠమును మార్చుకొను ఉపాధ్యాయుడు చేయు పనియు అట్టిదే. తరగతిలో వెనుక వరుసలో మాటాడక కూర్చున్న పిల్లవాని సంగతి అతనికి ఏప్రిల్‌కు ముందే తెలియును.