నల్లకోటు మీద జరీ బుటా!

ఉప్పాడలో చీరలు అమ్మేవాళ్లకు ఓ వెసులుబాటు ఉంది. బోర్డు ఎంత పెద్దదైనా పెట్టుకోవచ్చు. 'అసలైన జాందానీ మా దగ్గరే' అని రాసుకోవచ్చు. మడత విప్పి, కొంగు పరిచి, రెండువైపులా ఒకేలా కనిపించే బుటాను తిప్పి చూపించవచ్చు. మరి వకీలో? గెలిచిన కేసుల్ని అలా పరిచి చూపిస్తానంటే కుదరదు. నిబంధనలు ఒప్పుకోవు!

న్యాయవాదుల చట్టం (1961) కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన నియమాల్లో 36వది ఈ విషయంలో మహా కఠినం. ప్రకటనలు ఇవ్వకూడదు. మధ్యవర్తుల్ని పెట్టి కేసులు తెప్పించుకోకూడదు. తాను వాదిస్తున్న కేసు పేరు చెప్పి పేపర్లో ఫొటో వేయించుకోకూడదు. గుమ్మం ముందు బోర్డు సైతం ఓ మోస్తరు సైజులోనే ఉండాలి. ఫలానా కేసుల్లో దిట్టననో, ఒకప్పుడు జడ్జీగా చేశాననో దాని మీద రాయకూడదు. 2008లో కాస్త సడలించి, వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, చదువు, ఎలాంటి కేసులు చూస్తారన్న వివరాలు పెట్టుకోనిచ్చారు. అంతకు మించి లేదు.

పైగా జనంలో వకీళ్ల మీద ఉన్న అభిప్రాయం అంత గొప్పదేం కాదు. 'కోర్టుకెక్కి గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు' అన్న సామెత ఊరికే పుట్టలేదు కదా! ఉప్పాడకు దగ్గర్లోని పిఠాపురం సంస్థానం వ్యాజ్యాలైతే ఏకంగా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లాయి. 1899లో ఒకటి, 1918లో మరొకటి. వారసుల మధ్య పంచడానికి వీల్లేని జమీందారీ మీద ఎవరికెంత హక్కు అన్నది పేచీ. 'పిట్టాపూర్ కేసు'లంటే హిందూ న్యాయశాస్త్రం చదివేవాళ్లకు ఇప్పటికీ పాఠమే.

ప్రకటనలు లేవు, పేరు చూస్తే అంతంతమాత్రం. మరి మంచి వకీలన్న సంగతి జనానికి తెలిసేదెలా? గోదావరి సీమలో అందుకు ఎప్పుడో దారి దొరికింది. కోర్టు బయట ఆ మనిషి ఏం చేస్తున్నాడో జనం చూశారు.

వేషం కట్టిన ప్లీడరు

న్యాపతి సుబ్బారావు పంతులునే తీసుకోండి. 1878లో మద్రాసులో 'ది హిందూ' పత్రికను మొదలుపెట్టిన ఆరుగురు యువకుల్లో ఆయనొకరు. తర్వాత రాజమండ్రిలో వకీలుగా స్థిరపడ్డారు. అంతటితో ఊరుకోక 'చింతామణి' అనే తెలుగు మాసపత్రిక పెట్టారు. నవలల పోటీలు నిర్వహించి, బహుమతులిచ్చి చిలకమర్తి లాంటివారి చేత రాయించింది ఆ పత్రికే. ఓ ప్లీడరు తెలుగు నవలకు చేసిన మేలది!

ఇక టంగుటూరి ప్రకాశం కథే వేరు. చిన్నతనంలో నాటకాల్లో వేషాలు కట్టినవాడు. రాజమండ్రిలో ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఆ హోదాతో పై కోర్టుల్లో వాదించడానికి వీల్లేదు. పట్టుబట్టి ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చి, మద్రాసు హైకోర్టులో రెండు చేతులా సంపాదించారు. అలాంటి ప్రాక్టీసును 1921లో సహాయ నిరాకరణోద్యమం కోసం వదిలేసి 'స్వరాజ్య' పత్రిక పెట్టారు. నాటకాల్లో అలవడిన ధైర్యం, గొంతు ఆయన్ను ఎక్కడా వదల్లేదనిపిస్తుంది.

టిక్కెట్టు అడిగిన అమ్మాయి

1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా పెట్టిన ప్రదర్శనలో, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే గుమ్మం దగ్గర ఆపేసిన పద్నాలుగేళ్ల వాలంటీరు గుర్తుందా? రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి. ఆ తర్వాత జైలుకు వెళ్లారు, ఆగిపోయిన చదువును మళ్లీ పట్టుకున్నారు, 1942 నాటికి లా పూర్తిచేసి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. రాజ్యాంగ సభలోనూ గళం వినిపించారు. 1953లో చైనా వెళ్లొచ్చాక, ఇంటి తగాదాలకు విడిగా కోర్టులుండాలని నెహ్రూతోనూ, న్యాయకోవిదులతోనూ చర్చించారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది 1984లో. అప్పటికి ఆమె కన్నుమూసి మూడేళ్లయింది. వకీలు సృజన అంటే కవిత్వం రాయడమే కాదు... లేని కోర్టును ఊహించడం కూడా!

కవిత్వం మాట ఎలా ఉన్నా, కథలు రాసిన వకీలు మాత్రం విశాఖలో ఉన్నారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి. కోర్టు వరండాల్లో తచ్చాడే పేదలు, పోలీసులు, దళారులు, చివరకు ప్లీడర్లు కూడా ఆయన 'ఆరు సారా కథలు'లో ఉన్న రంగుల్లోనే కనిపిస్తారు. సొంత వృత్తిని వెనకేసుకు రాకపోవడం వల్లేనేమో, పాఠకులు ఆయన్ను అంతగా నమ్మారు.

రీలు వేరు, రియలు వేరు

ఇప్పటి కుర్ర వకీళ్లకు చేతిలో సెల్‌ఫోనుంది. చెక్కు బౌన్సయితే ఏం చేయాలి, ఎఫ్ఐఆర్ రాయకపోతే ఎవరిని కలవాలి... తెలుగులో రెండు నిమిషాల్లో చెప్పేవాళ్లున్నారు. బాగానే ఉంది. కానీ కోర్టు దుస్తుల్లో పాటలు, డైలాగులు, సినిమా తారలతో ప్రచారం దాకా వెళ్లేసరికి 2025 మార్చిలో బార్ కౌన్సిల్ గట్టిగా హెచ్చరించింది. చట్టం గురించి చెప్పడానికీ, 'నా దగ్గరికే రండి' అనడానికీ మధ్య గీత సన్నం. సినిమాలో నల్లకోటుకు అలాంటి బెంగ లేదు. 'వకీల్ సాబ్' (2021)గా వాదించిన పవన్ కళ్యాణ్ 2024లో గెలిచింది ఉప్పాడ ఉన్న పిఠాపురం నియోజకవర్గం నుంచే!

ఉప్పాడకు ఈ వకీళ్ల అవసరం నిజంగానే ఉంది. ఇక్కడి జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ ఆ పేరును అధికారికంగా వాడుకోవాలంటే నేతగాడు విడిగా నమోదు చేయించుకోవాలి. మరమగ్గం మీద నేసిన నకలును ఉప్పాడ చీరగా అమ్మితే ఎక్కడ ఫిర్యాదు చేయాలో తెలియాలి. ఇంకోపక్క సముద్రం ఏటా ఒడ్డును కోసుకుపోతోంది. ఇల్లు పోయినవాళ్లకు స్థలం కాగితాలు, పరిహారం... అన్నీ చట్టంతో ముడిపడినవే. వీటిని మగ్గం భాషలో, వల భాషలో విప్పి చెప్పగల లాయరుకు బోర్డుతో పనేముంది?

ఫీజు భయం ఉన్నవాళ్లకు 1987 నాటి న్యాయసేవల చట్టం ఉంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, వరద లాంటి విపత్తుల బాధితులు తమ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పొందవచ్చు. ప్రైవేటు వకీలు తన ఫోన్ నంబరును ఊరంతా చాటుకోకూడదు గానీ, జాతీయ న్యాయసేవల సంస్థ హెల్ప్‌లైన్‌ను మాత్రం ఎంతమందికైనా చెప్పొచ్చు: 15100.