పాస్టరు గారు అధ్యక్షులైన దేశము

ఆఫ్రికా ఖండములో మలావి అను చిన్న దేశమున్నది. జనులలో ఎక్కువమంది పల్లెలలో మొక్కజొన్న పండించుకొని బ్రదుకువారే. క్రైస్తవులే అధికము. 1994 వరకు అక్కడ ఒకే పార్టీ పాలన. యావజ్జీవ అధ్యక్షుడని పేరు పెట్టుకొనిన హేస్టింగ్స్ బండా స్కాట్లాండు సంఘములో పెద్దగా నుండినవాడు! సంఘపెద్ద గద్దెనెక్కినంత మాత్రమున నీతి పాలన రాదనుటకు ఆయనే సాక్షి. 1992లో కాథలిక్ బిషప్పులు ధైర్యముగా లేఖ వ్రాసి అన్ని సంఘములలో చదివించిరి. ప్రొటెస్టెంటు సంఘములును గొంతు కలిపెను. 1993లో ప్రజలు బహుపార్టీ విధానమును కోరుకొనిరి.

అసలు సంగతి 2019 మే 21న జరిగిన ఎన్నికది. పీటర్ ముతారికా సుమారు 1,59,000 ఓట్ల ఆధిక్యతతో గెలిచెనని ప్రకటించిరి. రెండవ స్థానములో నిలిచినవారు లాజరస్ చక్వేరా. ఈయన 1989 నుండి 2013 వరకు ఆ దేశపు అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘములకు అధ్యక్షులు. దేవుని పిలుపని నమ్మి రాజకీయములలోనికి వచ్చితినని చెప్పుకొనిరి. (సేవకులు ఓట్లడుగుట మేలా అని మన సంఘములలో వాదములున్నవి. నాకైతే సందేహమే.)

ఓట్లు లెక్కించిన పిమ్మట అంకెలు వేసెడి కాగితములు కొన్నిటిపై వైట్‌నర్ పూసి దిద్దియుండెను. పొలము కాగితములో ఒక అంకె దిద్దియుంటే మన రైతు ఊరుకొనునా? మలావి జనులును ఊరుకొనలేదు. నెలల తరబడి వీధులలో నడిచిరి. ఐదుగురు న్యాయమూర్తులు వ్యాజ్యమును విచారించిరి. 2020 ఫిబ్రవరి 3న, తుపాకి గుండ్లు దూరని కవచములు తొడుగుకొని, సైనికుల కాపలాతో న్యాయస్థానమునకు వచ్చి, దాదాపు పది గంటలసేపు తీర్పు చదివిరి. ఎన్నిక చెల్లదు, మరల జరుపవలెను, గెలుచువానికి సగము కంటె ఎక్కువ ఓట్లు రావలెను అనిరి. తమను నియమించు అధికారము ఎవరిచేతిలో నున్నదో వారెరుగనివారు కారు. బబులోనులో దానియేలు జ్ఞప్తికి వచ్చును.

2020 జూన్ 23న మరల ఓటింగు. చక్వేరా గారికి 58 శాతము పైగా వచ్చెను. చెల్లని ఎన్నికను మరల జరుపగా ప్రతిపక్షము గెలుచుట ఆఫ్రికాలో అదే మొదటిసారి.

పాలన మాత్రము ప్రార్థన కూటమంత సులువు కాలేదు. కరోనా, కలరా, 2023లో ఫ్రెడ్డి తుఫాను వందలమందిని పొట్టనబెట్టుకొనెను. అదే ఏట నవంబరులో వారి రూపాయియైన క్వాచా విలువను 44 శాతము తగ్గించిరి. ధరలు మండెను, పెట్రోలు బంకుల యొద్ద బారులు తీరిరి. ఆకలిగొన్న ఇంటివాడు అధ్యక్షుని ప్రసంగ సామర్థ్యమును చూడడు గదా!

2025 సెప్టెంబరు 16న ఎన్నిక జరుగగా, 85 ఏండ్ల ముతారికాకు 56 శాతము పైగా, చక్వేరా గారికి 33 శాతము వచ్చెను. అధికారికముగా ఫలితము వెలువడకమునుపే చక్వేరా గారు ఓటమి ఒప్పుకొని, తన పాత ప్రత్యర్థికి మేలు కలుగవలెనని చెప్పి దిగిపోయిరి.